ఆకుల నడుమకు దూరే గాలివేగ మీటరు: వాడి చూసిన మాట

పైరు మీద వీచే గాలిని కొలవడానికే అయితే ఈ పరికరం కొనకండి. పైరు లోపల తిరిగే గాలిని కొలవాలంటే మాత్రం, దీని మొండి వేషాలన్నీ భరించి అయినా కొనండి. తీర్పు ముందే చెప్పేశాను. కారణాలు కావాలనుకునేవారికే మిగతాదంతా.

ఇది చేత్తో పట్టుకుని వాడే వేడితీగ అనిమోమీటర్. అంకెలు కనిపించే చిన్న పెట్టె, దానికో కేబుల్, కేబుల్ చివర ఒకదానిలోంచి ఒకటి బయటికి లాగితే మీటరు దాకా సాగే లోహపు గొట్టాల కడ్డీ, కడ్డీ కొసన రెండువైపులా తెరిచి ఉన్న చిన్న కిటికీ. ఆ కిటికీలో కంటికి ఆనీ ఆనని పూస ఒకటి ఉంటుంది. పరికరం ఆ పూసను చుట్టూ ఉన్న గాలి కంటే వేడిగా ఉంచుతుంది. గాలి తగిలితే పూస చల్లబడాలి; చల్లబడకుండా నిలపడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి గాలి వేగం లెక్కగడుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. రెక్కల మీటరును మొక్కజొన్న ఆకుల మధ్యకు తీసుకెళ్ళి, ప్రతి ఆకు అంచూ ఆ రెక్కలకు అడ్డుపడుతుంటే విసిగిపోయినవారికి ఇది ఎంత సుఖమో వేరే చెప్పనక్కర్లేదు. ఇదే పరికరం రకరకాల పేర్లతో, రకరకాల రంగుల పెట్టెల్లో దొరుకుతోంది. అందుకే తయారీదారు పేరు రాయడం లేదు. రకం తెలిస్తే చాలు.

నేను చూసేది మొక్కజొన్నలో ఆకు తెగుళ్ళు. తెల్లవారాక ఆకు మీద మంచు తడి ఎంతసేపు నిలిచిందన్నదాని మీదే శిలీంద్ర బీజం మొలకెత్తడం, ఎత్తకపోవడం చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ తడిని ఆర్పేది ఆ ఆకును తాకుతున్న గాలి. వాతావరణ కేంద్రం చెప్పే గాలి 10 మీటర్ల ఎత్తుది, సాగునీటి లెక్కల్లో వాడేది 2 మీటర్ల ఎత్తుది. అది కూడా కురచ గడ్డి మీద కొలిచింది. మనిషిని మించి ఎదిగిన చేనులో కంకి పక్కనున్న ఆకుకు ఆ అంకెతో నేరుగా సంబంధం లేదు. ఈ లోటు పూడ్చడానికే వేడితీగ మీటరు తెచ్చుకున్నాను.

దాని పనితనం చెప్పే ముందు, అది ఏ పరీక్షకు కూర్చుంటోందో చెప్పాలి. పైరుకు పైన గాలి ఎత్తుతో పాటు లాగరిథమ్ వంపులో పెరుగుతుంది. అయితే ఆ వంపును నేల నుంచి లెక్కించరు. పైరు ఎత్తులో సుమారు మూడింట రెండు వంతుల దగ్గరే నేల ఉన్నట్టు అనుకుని లెక్క మొదలుపెడతారు. పైరు గాలిని అంత పైకి ఎత్తి నిలబెడుతుంది. పైకప్పు దాటి లోపలికి దిగితే లెక్క మారిపోతుంది. ప్రతి ఆకూ, ప్రతి కాడా గాలి నుంచి కొంత ఊపు లాగేసుకుంటుంది కాబట్టి దిగేకొద్దీ వేగం ఘాతాంక వంపులో పడిపోతుంది. 1960ల్లో ఇనౌయే, సియోంకో అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన ఈ సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నాం. అందులో తగ్గుదల గుణకం ఒకటి ఉంటుంది. ఆకులు దట్టమైతే అది పెరుగుతుంది. గుణకం 2.5 అనుకుని, 2.4 మీటర్ల చేను కొసన సెకనుకు 2 మీటర్ల గాలి ఉందనుకుంటే, నడిమి ఎత్తులో మిగిలేది 0.57. నేల నుంచి 60 సెంటీమీటర్ల దగ్గర 0.31. ఇవి సగటులు. గిన్నెల మీటర్లు, రెక్కల మీటర్లు చాలావరకు కదలడం మొదలుపెట్టేదే 0.3, 0.5 మధ్య. అంటే చేనులో కింది సగం వాటికి దాదాపు నిశ్శబ్దం. వేడితీగకు అక్కడే పని మొదలవుతుంది. గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు వేగంలో చిన్న తేడాకే పూస చల్లబడే తీరు బాగా మారుతుంది. గాలి పెరిగేకొద్దీ ఆ చురుకు తగ్గుతుంది. 1914లో కింగ్ అనే శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఇదే: పోయే వేడి సుమారుగా వేగపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. కాబట్టి ఈ పరికరం సహజంగానే మందగాలి మనిషి. 0.2కూ 0.4కూ తేడా స్పష్టంగా పట్టేస్తుంది. 12కూ 13కూ తేడా అడిగితే నసుగుతుంది.

చేనులో కడ్డీని కంకి ఎత్తున పెట్టి తెర చూస్తూ నిలబడ్డప్పుడు జరిగేది చెబుతాను. 0.14, 0.11, 0.17, 0.12. కాసేపు ఇదే తంతు. ఆకులు కదలవు. తరువాత ముందు చెవికి వినిపిస్తుంది: పైన మగ పూతల మధ్య గలగల, ఆ వెంటనే పై ఆకులు ఒకవైపుకు వాలడం. తెర మీద 0.3, 0.9, 1.6, 1.1. రెండు మూడు సెకన్లలో మళ్ళీ 0.2కు దిగిపోతుంది. పక్క సాలులో ఆకు ఇంకా ఊగుతూనే ఉంటుంది, గాలి మాత్రం వెళ్ళిపోయింది. సగటు బొత్తాం నొక్కితే 0.4 అని చూపిస్తుంది. నేను చూస్తున్నంతసేపూ 0.4 అనే గాలి అక్కడ దాదాపు లేనే లేదు. ఉన్నది 0.15, అప్పుడప్పుడు వచ్చిపడే 1.5.

ఇది మీటరు తప్పు కాదు, చేను స్వభావం. పైరు కొసన వేగం ఒక్కసారిగా మారుతుంది: పైన వడిగా సాగే గాలి, కింద ఈడ్చుకుంటూ నడిచే గాలి. వేర్వేరు వేగాలతో సాగే రెండు ప్రవాహాలు ఒకదాన్నొకటి రాసుకున్నప్పుడు వాటి హద్దు నిలకడగా ఉండదు. మెలికలు తిరిగి పెద్ద పెద్ద సుడులుగా చుట్టుకుంటుంది. పైరు మీది గాలి గోడను రాసుకుంటూ పోయే ప్రవాహంలా కాకుండా ఇలాంటి కలయిక పొరలా ప్రవర్తిస్తుందని 1996లో రౌపాక్, ఫినిగన్, బ్రూనే అనే శాస్త్రవేత్తలు వివరించారు. ఆ సుడులు చిన్నవి కావు. వాటి పరిమాణం పైరు ఎత్తుతో పోల్చదగినంత ఉంటుంది. ఒకదాని వెనుక ఒకటిగా, పైరు ఎత్తుకు కొన్ని రెట్ల దూరంలో సాగిపోతుంటాయి. గోధుమ చేను మీద, వరి చేను మీద పరుగెత్తే అలలు వాటి అడుగుజాడలే. ఒక్కో సుడి ముందుభాగం పైనున్న వడిగాలిని లోపలికి తోస్తుంది. పైరు లోపలికి ఊపు దిగేది ఎక్కువగా ఈ తోపుల్లోనే, అదీ మొత్తం సమయంలో కొద్ది భాగంలోనే. మిగతా కాలమంతా లోపలి గాలి ఊరికే అటూ ఇటూ కదులుతూ ఉంటుంది.

అందుకే ఈ పరికరంలో నాకు అన్నిటికంటే నచ్చినది సెకనుకొక రీడింగును ఫైల్లో దాచుకునే సదుపాయం. అన్నిటికంటే నచ్చనిది, ఆ సెకను రీడింగు నిజంగా సెకనుది కాకపోవడం. తెర మీద అంకెలు గంతులు వేయకుండా ఉండాలని తయారీదారు లోపల కొంత మెత్తబరిచే లెక్క, అంటే వెనకటి రీడింగులను కలుపుకుని సగటు చూపే లెక్క, పెట్టాడు. గదుల్లో ఏసీ గొట్టాల గాలి కొలిచేవారికి అది సౌకర్యమే. ఈ మీటర్లు ఎక్కువగా అమ్ముడయ్యేది వారికే కూడా. చేనులో మాత్రం అది తోపు శిఖరాన్ని నరికేస్తుంది, తోక సాగదీస్తుంది. కొన్ని నమూనాల్లో మెత్తబరిచే కాలాన్ని మార్చుకునే వీలుంటుంది. నా దానిలో మెనూలో చాలా లోపల ఉంది, పరికరంతో వచ్చిన పుస్తకంలో దాని ప్రస్తావనే లేదు. దాన్ని అతి తక్కువకు తగ్గించాక శిఖరాలు స్పష్టంగా పెరిగాయి. కొనేవారు ముందు అడగవలసిన ప్రశ్న పరిధి ఎంతని కాదు, ఈ కాలం ఎంత, మార్చుకోవచ్చా అని.

ఇందులోనే ఇంకో చిక్కుంది. పూస నుంచి వచ్చే వోల్టేజికీ గాలి వేగానికీ సంబంధం సరళరేఖ కాదు. వోల్టేజిని ముందు సగటు చేసి తరువాత వేగంగా మారిస్తే, తోపులు ఎక్కువున్న గాలిలో అసలు సగటు కంటే తక్కువ వస్తుంది. ముందు వేగంగా మార్చి తరువాత సగటు చేస్తే ఈ బాధ ఉండదు. నా పరికరం ఏ దారిన పోతుందో తెలుసుకోవడానికి తయారీదారుకు రాశాను. వచ్చిన జవాబులో ఆ పరికరం నాణ్యత ఎంత గొప్పదో ఉంది, అడిగినదానికి సమాధానం లేదు. కాబట్టి పరికరం చెప్పే సగటును పక్కన పెట్టి, దాచుకున్న రీడింగుల నుంచి నా సగటు నేనే తీసుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి.

దిక్కు సంగతి. ఈ పూసకు గాలి ఎటు నుంచి వచ్చిందో తెలియదు. పైరుకు పైన అది పెద్ద లోటు కాదు, గాలి అక్కడ ఎక్కువసేపు ఒకే వైపుకు సాగుతుంది. లోపల మాత్రం సగటు వేగం ఎంతో దాని చుట్టూ ఊగిసలాట కూడా దాదాపు అంతే ఉంటుంది. అంటే గాలి కొంతసేపు వెనక్కి కూడా నడుస్తుంది. ముందుకు 0.3, వెనక్కి 0.2 నడిచిన గాలిని ఇది 0.3, 0.2 అని రెండుసార్లూ కూడికగానే రాసుకుంటుంది. ఆకు తడి ఆరడం లెక్కించేవారికి ఇది ఇబ్బంది కాదు, ఆకుకు గాలి ఎటు నుంచి తగిలినా ఒకటే. పుప్పొడి ఎటు కొట్టుకుపోయిందో, పురుగుమందు తుంపర ఎటు జరిగిందో చూడాలనుకునేవారికి మాత్రం ఈ అంకె అక్కరకు రాదు సరికదా, దారి తప్పిస్తుంది. మొక్కజొన్న పుప్పొడి రేణువు పెద్దది, సుమారు 90 నుంచి 100 మైక్రాన్లు; నిశ్చలమైన గాలిలో సెకనుకు 20, 30 సెంటీమీటర్ల వేగంతో దిగిపోతుంది. లోపలి గాలి సగటు కూడా దాదాపు అంతే అయినప్పుడు, అది ముందుకు వీచిందా వెనక్కి వీచిందా, పైకి లేచిందా కిందికి దిగిందా అన్నదే అసలు ప్రశ్న. దానికి ఈ పరికరం దగ్గర జవాబు లేదు.

కిటికీకి మాత్రం దిక్కు ఉంది, అది మరో తలనొప్పి. కొస మీద చిన్న చుక్క ఒకటి గుర్తు వేసి ఉంటుంది. చుక్క గాలికి ఎదురుగా ఉండాలి. కడ్డీని కొద్దిగా తిప్పినా కిటికీ చట్రం అడ్డుపడి రీడింగు తగ్గుతుంది. సాలు వెంట గాలి నిలకడగా వస్తుంటే సమస్య లేదు. అడ్డగాలి రోజున లోపల గాలి ఏ క్షణం ఎటు తిరుగుతుందో చెప్పలేం కాబట్టి ఒకే చోట కిటికీని రెండు దిక్కులకు పెట్టి రెండు విడతలు రికార్డు చేస్తాను. విసుగు పనే. నాలుగువైపులా తెరిచిన గుండ్రటి కొస ఉన్న నమూనాలు కూడా ఉన్నాయి. ఇప్పుడు కొనేవారైతే పైరు పనికి అవే తీసుకోవాలని నా సలహా.

సాళ్ళ దిక్కు ఎంత తేడా తెస్తుందో ఈ మీటరుతో కళ్ళారా చూడవచ్చు. గాలి సాళ్ళ వెంబడి వీచినప్పుడు వరుసల మధ్య ఖాళీలో లోతుగా చొరబడుతుంది. అడ్డంగా వీచినప్పుడు ప్రతి వరుసా ఒక తడకై నిలుస్తుంది. పై గాలి రెండు రోజులూ ఒకేలా ఉన్నా, సాలు నడుమ మోకాలి ఎత్తున అంకెలు వేరుగా వస్తాయి. సాలు నడుమకూ మొక్క మొదలుకూ మధ్య కూడా తేడా ఉంది. కడ్డీని ఒక జానెడు పక్కకు జరిపితే చాలు. అందుకే "చేనులో గాలి ఇంత" అని ఒక్క చోట కొలిచి చెప్పేవారిని నేను నమ్మను. చోటు మార్చి మార్చి కొలవడానికి ఇంత తేలికైన కడ్డీ ఉండడం గొప్ప సౌలభ్యం. స్తంభానికి బిగించే బరువైన పరికరాలతో ఈ పని అయ్యేది కాదు.

చేను అంచు కూడా ఇలాంటిదే. గాలి వచ్చేవైపు అంచున ఆకుల నడుమ గాలి బాగానే దూరుతుంది. లోపలికి నడిచేకొద్దీ తగ్గుతూ పోయి, పైరు ఎత్తుకు దాదాపు పది రెట్ల దూరం వెళ్ళాక గాని స్థిరపడదు. అంచున నిలబడి కొలిచి చేనంతటికీ అదే అనుకుంటే తడి త్వరగా ఆరిపోతుందని లెక్క వస్తుంది, లోపల మాత్రం ఆకులు ఇంకా తడిగానే ఉంటాయి.

ఇక నన్ను బాగా ఆకట్టుకున్న రీడింగు. ముదిరిన మొక్కజొన్నలో కింది ఆకులు ఎండి రాలిపోయాక, నేలకు దగ్గరగా కాడలు తప్ప గాలికి అడ్డేమీ ఉండదు. అక్కడ కడ్డీని నేలకు సమాంతరంగా పెడితే, ఆకులు దట్టంగా ఉన్న నడిమి ఎత్తు కంటే కొంచెం ఎక్కువ వేగం కనబడుతుంది. కిందికి దిగేకొద్దీ తగ్గాలన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. ఇది కొత్త సంగతేమీ కాదు. పైరు లోపల రెండో గరిష్ఠం గురించి 1970ల్లోనే శాస్త్రవేత్తలు రాశారు. అడవుల్లో చెట్ల మొదళ్ళ మధ్య ఇది ఇంకా స్పష్టంగా ఉంటుంది. కానీ 0.2కూ 0.3కూ మధ్య తేడాను చేతిలోని పెట్టె మీద నిలకడగా చూడగలగడం, పదే పదే చూసినా అదే రావడం, ఈ పరికరం మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

0.01 అనే అతి చిన్న అంకె సంగతికి వస్తాను. అది అలంకారం. కాగితం మీద ఖచ్చితత్వం 0.03కు తోడు రీడింగులో 5 శాతం అని రాసి ఉంది. అంటే 0.12 అని చూపించినప్పుడు చివరి అంకెను పట్టించుకోనక్కర్లేదు. దీనికి తోడు పూస స్వయంగా వేడిది. దాని చుట్టూ వేడెక్కిన గాలి తనంతట తానే పైకి లేస్తుంది. సెకనుకు 0.1 మీటరు లోపు పరికరం కొలుస్తున్నది చేనులోని గాలినో, తన వేడికి తాను పుట్టించుకున్న గాలినో తేల్చలేం. కొసకు వేసే తొడుగు మూసి, కడ్డీని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూడండి; సున్నా రెండు చోట్లా ఒకేలా రాదు. నేను 0.1 లోపు వచ్చినదంతా "0.1 కంటే తక్కువ" అనే ఒక్క గడిలో వేసేస్తాను. అంతకంటే లోతుగా తవ్వడం వృథా.

అయినా ఆ మందగాలి పట్టింపు ఎందుకంటే, ఆకుకు అంటుకుని గాలి కదలని పలుచటి పొర ఒకటి ఉంటుంది. నీటి ఆవిరైనా, కార్బన్ డయాక్సైడ్ అయినా దాన్ని దాటే రావాలి, పోవాలి. గాలి దారిలో 10 సెంటీమీటర్ల వెడల్పున్న ఆకుకు, సెకనుకు 1 మీటరు గాలిలో ఆ పొర మందం సుమారు 1.3 మిల్లీమీటర్లు. 0.1 మీటరు గాలిలో సుమారు 4. ఆ మందం పెరిగేకొద్దీ తడి ఆరే వేగం పడిపోతుంది. 3 మీటర్ల గాలి 4 మీటర్లయితే ఆకుకు పెద్దగా ఒరిగేది లేదు, 0.1 గాలి 0.5 అయితే కథే మారిపోతుంది. చేను పైన బాగా పనిచేసే మీటర్లు సరిగ్గా ఈ చోటే గుడ్డివి.

పట్టుకునే పద్ధతి గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేదు. సాలులో నిలబడ్డ మనిషి ఒక పెద్ద అడ్డు, పైగా వెచ్చని అడ్డు. కడ్డీ పూర్తిగా సాగదీసి చేయి చాచినా, గాలి మీ వెనుక నుంచి వస్తుంటే కొలిచేది మీ నీడలోని గాలిని. గాలికి ఎదురుగా నిలబడండి, కడ్డీ మీకంటే ముందుండాలి. మందగాలిలో అది కూడా చాలదు; ఊపిరి తగిలినా అంకె కదులుతుంది. కడ్డీని కర్రకు కట్టి, కేబుల్ పొడవంతా వాడుకుని నాలుగైదు మొక్కల అవతల కూర్చోవడం ఉత్తమం. కేబుల్ ఇంకాస్త పొడవుంటే బాగుండేది. ఆకు వచ్చి కొసను తాకినప్పుడు రీడింగు ఒక్కసారిగా పడిపోతుంది. ఫైల్లో అలాంటి గుంతలు కనిపిస్తే అది గాలి ఆగడం కాకపోవచ్చు. చుట్టుపక్కల ఆకులు తుంచేస్తే పోతుంది కదా అంటారు. తుంచితే మీరు కొలుస్తున్నది ఆ చేను కాదు.

మంచు వేళ ఈ పరికరం పనికి రాదు, నాకేమో మంచు వేళే పని. కిటికీ మీద ఒక్క బిందువు చేరి పూసను తాకిందంటే నీరు ఆవిరయ్యే చల్లదనాన్ని గాలిగా లెక్కేసి 3, 4 అని అరుస్తుంది. ఆకుల నుంచి బొట్లు రాలుతున్నంతసేపూ కొసకు పైన చిన్న గొడుగు కట్టి పెడతాను. పూర్తి పరిష్కారం కాదు. పూత కాలంలో దీనికి ఎదురు బెడద: పుప్పొడి, దుమ్ము పూసకు అంటుకుని దుప్పటిలా కప్పేస్తాయి, రీడింగు మెల్లమెల్లగా తగ్గుతూ పోతుంది. తప్పు ఒక్కసారిగా రాదు కాబట్టి పట్టుకోవడం కష్టం. మెత్తని కుంచెను ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచి తుడిచి, ఆరబెట్టి, సున్నా సరిచూసుకోవాలి. ఊది శుభ్రం చేయవద్దు, గుడ్డతో అసలే వద్దు. పూస విరిగితే కొస మొత్తం మార్చాల్సిందే. ఎండ నేరుగా పడేచోట కూడా జాగ్రత్త: గాలి ఉష్ణోగ్రత చూసే రెండో సెన్సర్ ఎండకు వేడెక్కితే లెక్క తప్పుతుంది.

బ్యాటరీల విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. పూసను ఎప్పుడూ వేడిగా ఉంచాలి కాబట్టి తాగేస్తుంది. కంప్యూటర్‌లోకి ఫైలు దించే సాఫ్ట్‌వేర్ నాసిరకం. బ్యాటరీ మార్చినప్పుడల్లా గడియారం పాత తేదీకి వెళ్ళిపోతుంది. పెట్టె మాత్రం గట్టిది.

పోటీలో ఉన్నవాటితో పోలిక అడిగేవారికి: 1846లో రాబిన్సన్ తెచ్చిన గిన్నెల మీటరు పైరుకు పైన ఇప్పటికీ మంచిదే, చవక, ఎండకూ వానకూ ఓర్చుకుంటుంది. గాలి పెరిగినప్పుడు త్వరగా అందుకుని తగ్గినప్పుడు ఆలస్యంగా నెమ్మదిస్తుంది కనుక విసురుగాలిలో కొంచెం ఎక్కువ చూపిస్తుంది. లోపలికి మాత్రం తీసుకెళ్ళకండి. ధ్వని మీటరు అన్నిటికంటే మేలైనది: శబ్దం ఒక కొస నుంచి మరో కొసకు చేరే సమయాన్ని ఇరువైపులా కొలిచి, మూడు దిక్కుల గాలినీ సెకనుకు 10, 20 సార్లు చెబుతుంది. వెనక్కి నడిచిన గాలిని వెనక్కి అనే రాస్తుంది. కానీ దాని కొసల మధ్య దూరమే 10, 15 సెంటీమీటర్లు. ఆకులు అందులోకి రాకూడదు. దట్టమైన చేనులో దానికి చోటు చేయాలంటే ఆకులు కోయాలి, లేదా ఖాళీ ఉన్నచోటే పెట్టాలి. రెండూ మోసమే. ఖరీదు కూడా వేరే తరగతి. పైన ఒక ధ్వని మీటరు నిలబెట్టి, లోపల వేడితీగతో తిరగడం నాకు తెలిసిన మంచి ఏర్పాటు.

రాత్రి రీడింగుల గురించి ఒక మాట. సూర్యుడు పోయాక పై ఆకులు ఆకాశానికి వేడి పోగొట్టుకుని చల్లబడతాయి, నేల ఇంకా వెచ్చగానే ఉంటుంది. పైరు పైన గాలి స్తబ్ధంగా పొరలు కట్టి ఉంటే, లోపల మాత్రం వెచ్చని గాలి లేస్తూ చల్లని గాలి దిగుతూ నెమ్మదిగా కలుస్తుంటుంది. పైన గిన్నెలు తిరగడం మానేసిన రాత్రి కూడా లోపల వేడితీగ 0.1 దాటి వణుకుతూ కనిపించడానికి ఇదొక కారణం. అది పూస సొంత వేడి కాదని నిర్ధారించుకోవడానికి తొడుగు వేసి, తీసి, రెండు రీడింగులూ పక్కపక్కనే పెట్టుకోవాలి.

తెగుళ్ళు, తడి, ఆకు ఉష్ణోగ్రత, పైరు లోపలి తేమ చూసేవారు కొనండి. పుప్పొడి ప్రయాణం, తుంపర కొట్టుకుపోవడం చూసేవారు డబ్బు దాచుకుని ధ్వని మీటరు అద్దెకైనా తెచ్చుకోండి. పంట పడిపోవడం మీద పనిచేసేవారికి కావలసింది పైనున్న విసురుగాలి శిఖరాలు. వాటిని దీని మెత్తబరిచే లెక్క మింగేస్తుంది. కొనేటప్పుడు కొసకు వేసే తొడుగు అదనంగా ఒకటి అడిగి తీసుకోండి. సున్నా సరిచూసుకోవడానికి అది తప్పనిసరి, చేనులో అన్నిటికంటే ముందు పారేసుకునేదీ అదే.